తడి గీత

“మీ నాన్నని అడగరా. ముప్పై రెండేళ్లుగా ఈ ఊరి రోడ్ల మీద గీతలు గీస్తున్న మనిషి. కన్నకొడుకు కోసం ఆఫీసులో ఒక్క మాట చెప్పలేరా?”

అత్తయ్య ఆ పొద్దున ఆ మాట అనడం మూడోసారి. మొదటిసారి పొయ్యి దగ్గర నుంచి అంది. రెండోసారి గ్లాసులు కడుగుతూ అంది. ఈసారి కుర్చీ లాక్కుని కొడుక్కి ఎదురుగా కూర్చుని మరీ అంది.

మామయ్య వినబడనట్టు టీ తాగుతున్నారు. టీ ఎప్పుడో అయిపోయింది. ఖాళీ గ్లాసునే ఎత్తుతున్నారు, దించుతున్నారు. ఆ సంగతి కోడలు ఒక్కతే చూసింది.

“వద్దమ్మా. నాన్న చెబితే సిఫారసంటారు. నా వైపు న్యాయం ఉంది, సిఫారసు ఎందుకు?” అన్నాడు కొడుకు, కాగితం మీంచి తలెత్తకుండానే.

“న్యాయం నీ వైపు ఉంటే చలానా నీ కారు అద్దం మీదకి ఎలా వచ్చిందిరా?”

బల్ల కింద అతని కుడికాలు నేలని గట్టిగా నొక్కింది.

ఆ కాలంటే కోడలికి ప్రాణం. అతను డ్రైవింగు మాస్టారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన ముందున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని పదకొండేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. ఇంట్లో ఎవరి మాటయినా జోరందుకుంటే ఆ కాలు లేని బ్రేకుని తొక్కేస్తుంది. పెళ్లయిన మూడో రోజున ఆమె ఆ రహస్యం కనిపెట్టి, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అప్పటినుంచి ఎప్పుడు తొక్కుతాడా అని కాచుకుని కూర్చునేది. ఇవాళ నవ్వు రాలేదు. ఇవాళ ఆ కాలు పొద్దుటినుంచి తొక్కుతూనే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు.

మధ్యాహ్నం మూడింటికి విచారణ. అతని మీద ఈ ఏడాది అప్పటికే రెండు చలానాలున్నాయి, రెండూ శిష్యుల పుణ్యమే. ఒకమ్మాయి బస్టాపులో బండి ఆపి మళ్లీ కదిలించలేకపోయింది. ఒక పెద్దాయన ఆసుపత్రి గేటుకి అడ్డంగా ఇంజిన్ ఆపేసి, చెమటలు పట్టి దిగి వెళ్లిపోయాడు. చలానాలు మాత్రం మాస్టారి పేరనే పడ్డాయి. మూడోది కూడా ఖాయమైతే నేర్పే లైసెన్సు మూడేళ్లు రద్దు. నేర్పడం తప్ప ఇంకే పనీ చేతకాని మనిషికి, చేయాలని కూడా లేని మనిషికి, మూడేళ్లు.

“రిజిస్టరు తెప్పించమని రాశాను. ఆ వీధిలో బళ్లు ఆపకూడదనే గీత ఏ రోజు గీశారో అందులో ఉంటుంది. నాన్నా, మీ వాళ్ల రిజిస్టర్లలో అబద్ధం ఉండదు కదా?”

మామయ్య గ్లాసు బల్ల మీద పెట్టారు. “అది వేరే గ్యాంగు గీసే వీధి. నాకు తెలీదు,” అని లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

“చూశావా, రాయితో మాట్లాడినట్టే,” అంది అత్తయ్య ఎవరితోనో.

కోడలు చెప్పులు వేసుకుంది. చలానా పడిన చోటికి ఎదురుగా ఉన్న తాళాల షాపు తెరిచారేమో, ఆ రోజు వాళ్లేమైనా చూశారేమో ఇంకోసారి కనుక్కొస్తానంది.

“ఐదు వారాలుగా మూసుంది, ఇవాళ తెరుస్తాడా?” అన్నాడతను. అని, ఆమె మొహం చూసి, “వెళ్లిరా స్టూడెంటుగారూ. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూడు,” అన్నాడు. ఆమెకి కూడా అతనే డ్రైవింగు నేర్పుతున్నాడు మరి.

*

దారంతా ఆమెకి ఐదు వారాల కిందటి ఆ బుధవారమే కళ్లముందు ఆడింది.

పెళ్లయ్యాక అది మొదటి షికారు. కొండ మీది తోటకి వెళదామన్నది తనే. కొండ కింది వీధిలో కారు ఆపినప్పుడు రోడ్డు పక్క గీత లేదు, బోర్డు లేదు, పిల్లి ఒకటి కూర్చుని ఉంది. మెట్లు లెక్కపెడుతూ ఎక్కారు. ఆమెకి రెండు వందల పద్నాలుగొచ్చాయి, అతనికి రెండు వందల పదహారు. ఆ రెండు మెట్ల కోసం పైన అరగంట పోట్లాడుకున్నారు. ఒకే ఐస్‌క్రీం కొనుక్కుని ఇద్దరూ తిన్నారు. ఆమె ఫోనులో ఛార్జింగు అయిపోయేదాకా నలభై మూడు ఫొటోలు తీసుకున్నారు. అతని ఫోను ఇంట్లోనే ఉంది, షికారుకెళుతూ శిష్యుల ఫోన్లెందుకని.

దిగి వచ్చేసరికి కారు ముందూ వెనకా పసుప్పచ్చగా, నిగనిగలాడుతూ కొత్త గీత. కారు నిలబడినంత మేర మాత్రం గీత లేదు. అద్దం మీద చలానా.

అతను నవ్వాడు. వంగి గీతని వేలితో తాకి, అంటుకున్న పసుపురంగుని ఆమె ముక్కు మీద రాశాడు. ఇంకా తడిగా ఉంది, మనం వచ్చాకే గీశారు, ఇది పది నిమిషాల్లో తేలిపోయే వ్యవహారం అన్నాడు. గీతని ఫొటో తీయడానికి మాత్రం ఇద్దరి దగ్గరా ఫోను లేదు. నలభై మూడు ఫొటోలున్నాయి. అన్నిట్లోనూ తామే ఉన్నారు.

రెండు రోజుల తరవాత మళ్లీ వెళితే ఖాళీ లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే గీత.

తాళాల షాపు ఇవాళ తెరిచే ఉంది. గోడ నిండా వేలాడే తాళంచెవుల మధ్య, నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఒక ముసలాయన ఇత్తడి ముక్క అరగదీస్తున్నాడు. కంటికి ఆపరేషను అయిందనీ, ఐదు వారాలు కూతురింట్లో ఉండి నిన్ననే వచ్చాననీ అడక్కుండానే చెప్పాడు. ఆ బుధవారం గురించి అడిగితే మాత్రం అరగదీయడం ఆపాడు.

“నెత్తి మీద బోర్డున్న నేర్పుడు కారేనా? ఎందుకు గుర్తులేదమ్మా. ఆపరేషనుకి రెండు రోజుల ముందు. ఈ కళ్లతో నేను సరిగ్గా చూసిన ఆఖరి వింత అదే.”

బుధవారం పదకొండింటికి గ్యాంగు వచ్చిందట. గీతల బండి తోసుకుంటూ వచ్చి కారు దగ్గర ఆగారట. కుర్రాళ్లు హారన్ కొట్టి పిలుద్దామంటే మేస్త్రీ వద్దన్నాడట. తనే సంచీలోంచి పాత పేపర్లు తీసి, రంగు చింది పడకుండా నాలుగు చక్రాలకీ అడ్డం పెట్టాడట.

“కన్నబిడ్డకి దుప్పటి కప్పినట్టు కప్పాడమ్మా. నేనింత వయసొచ్చి చూళ్లేదు, గవర్నమెంటు వాళ్లు ఒకరి కారుకి అంత మర్యాద చెయ్యడం. వాళ్లు అటు వెళ్లారో లేదో, ఇటు చలానాలు రాసే కుర్రాడొచ్చి రాసిపోయాడు.”

“మరి మధ్యలో ఖాళీ, తాతగారూ? అది ఎవరు నింపారు?”

“ఆ మేస్త్రీయే. మర్నాడు పొద్దున్నే ఒక్కడే వచ్చాడు. మోకాళ్లు వంగవనుకుంటా, డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని, ఎడం చేత్తో బ్రష్షు పట్టుకుని నింపాడు. పని అయ్యాక కూడా లేవలేదు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు పాపం.”

వీధంతా ఒక్కసారి గిర్రున తిరిగినట్టయింది ఆమెకి. ఎడంచేతి మేస్త్రీ. మోకాళ్లు వంగని మేస్త్రీ. ఆ మోకాళ్లకి వారానికి రెండుసార్లు నూనె వేడిచేసి ఇచ్చేది తనే.

“ఏమ్మా, నీళ్లేమైనా తాగుతావా?” అన్నాడు ముసలాయన. ఆయన పాపం, మంచి సాక్ష్యం చెప్పానన్న సంబరంలో ఉన్నాడు. కాగితం మీద రాసిస్తానన్నాడు. బుధవారం గీశారనీ, గురువారం మేస్త్రీ ఖాళీ నింపాడనీ పెద్ద పెద్ద అక్షరాలతో రాసి సంతకం చేశాడు. ఐదు వారాలుగా ఆమె మొక్కని మొక్కు లేకుండా ఎదురుచూసిన కాగితం అది. బ్యాగులో పెట్టుకుంటుంటే నిప్పు పెట్టుకున్నట్టుంది.

*

పెరట్లో మామయ్య కిరసనాయిలు డబ్బాలో బ్రష్షులు కడుగుతున్నారు. అత్తయ్య వంటింట్లో ఉంది, కొడుకు స్నానానికి వెళ్లాడు. కోడలు గడప దగ్గర నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ ఇంటికొచ్చి రెండు నెలలైనా మామయ్యతో ఆమె మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు. భోజనానికి రండి, టీ తెచ్చాను, నూనె వేడి చేశాను. అంతే.

“తాళాల షాపు తెరిచారు మామయ్యా.”

బ్రష్షు ఆగింది.

“చక్రాలకి పేపర్లు అడ్డం పెట్టారట,” అంది.

ఆయన బ్రష్షు పక్కన పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నారు. వేళ్ల సందుల్లో పసుపు ఎప్పటికీ పోదు. అయినా చాలాసేపు తుడిచారు.

“వాడికి తెలుసా?”

“ఇంకా చెప్పలేదు.”

మామయ్య చెప్పుకొచ్చారు. ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు వచ్చింది. సోమవారం పొద్దున్నే ఆ వారం వీధులన్నిటికీ పని పూర్తయినట్టు రిజిస్టరు షీటు మీద ముందే సంతకం పెట్టేయడం గ్యాంగుల అలవాటు. తనకి పని నేర్పిన మేస్త్రీ అలాగే పెట్టేవాడు, ఆయనకి నేర్పినవాడూ అలాగే పెట్టేవాడట. ఆ వారం సోమ, మంగళవారాలు వాన పడింది. సోమవారం గీయాల్సిన వీధి బుధవారం గీశారు. వాన పడితే పని వెనకపడుతుంది, షీటు వెనకపడదు.

“కారు చూడగానే గుర్తుపట్టాను. ఇద్దరూ సరదాగా తిరగడానికెళ్లారు కదా, పిలిచి పాడుచెయ్యడమెందుకు, సాయంత్రం ఇంట్లో చెప్పి నవ్వుకుందాం అనుకున్నాను. తడి గీత మీద చలానా రాయరమ్మా. ఒక రోజు ఆగుతారు. అది ఏ కాగితం మీదా లేదు, కానీ ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆ కుర్రాడు కొత్తవాడు. వాడికి ఎవరూ చెప్పలేదు.”

“మరి ఖాళీ ఎందుకు నింపారు మామయ్యా? అదొక్కటే కదా ఆయనకి సాక్ష్యం.”

లోపల స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. మామయ్య గొంతు తగ్గించారు.

“సోమవారం పూర్తయిందని సంతకం పెట్టిన గీతకి మధ్యలో ఖాళీ ఉంటే, ఎవడో ఒకడు అడుగుతాడు. ఒక్క షీటు అబద్ధమని తేలితే, నా చేతి మీద పోయిన షీట్లన్నీ తీస్తారు. నాతోపాటు సంతకాలు పెట్టిన ఆరుగురినీ నిలబెడతారు. ఏడు వారాల్లో రిటైరయ్యేవాణ్ణి నేను. వాళ్లంతా పిల్లలున్న వాళ్లు.” ఆయన తల దించుకున్నారు. “ఇవన్నీ తరవాత వెతుక్కున్న కారణాలు. ఆ పొద్దున మటుకు భయమేసింది. అంతే.”

ఆమెకి కోపం రావాలి. ఎంత వెతికినా దొరకలేదు. కోపం దొరికుంటే ఎంత బాగుండేది అనిపించింది. దాన్ని పట్టుకుని నేరుగా మొగుడి దగ్గరకి వెళ్లిపోయేది.

“చెప్పదలిస్తే చెప్పమ్మా. నిన్ను ఆపను. ఆపే మొహం నాకు లేదు,” అన్నారు మామయ్య, మళ్లీ బ్రష్షు చేతిలోకి తీసుకుంటూ.

*

కారులో చెబుదామనుకుంది. రెండుసార్లు నోరు తెరిచింది కూడా.

అతను ఈల వేస్తున్నాడు. ఐదు వారాల్లో మొదటిసారి. తాళాల షాపు తెరవలేదని ఆమె ఇంటి దగ్గరే అబద్ధం చెప్పేసింది, అతను కనీసం నిరాశపడను కూడా లేదు. పోనీలే, రిజిస్టరు ఉంది కదా అన్నాడు. రిజిస్టరు కన్నా గొప్ప సాక్షి ఎవరన్నాడు. గెలిచాక మళ్లీ కొండెక్కి ఆ మెట్ల సంగతి తేల్చుకోవాలన్నాడు. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఆమె చెయ్యి తీసుకుని గేరు కర్ర మీద పెట్టి, పైన తన చెయ్యి వేశాడు. అలా వేసిన ప్రతిసారీ ఆమె లోపల ఏదో చిన్నపిల్లలా గంతులేస్తుంది. ఇవాళా వేసింది. వేసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

ఆఫీసులోకి వెళ్లేముందు చెబుదాం అనుకుంది. వరండాలో చెబుదాం అనుకుంది. వరండాలో కూర్చున్న రెండు నిమిషాలకే లోపలికి పిలిచారు.

అప్పీళ్లు వినే ఆవిడ నెమ్మదస్తురాలు. కసురుతుందేమో అనుకున్నారు, కసరలేదు. అతని కాగితాలన్నీ ముందే చదివిపెట్టుకుంది. రంగు వేలికంటిందని రాసిన చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టుకుంది. మీరడిగిన రిజిస్టరులోని షీటు తెప్పించానంది. అందులో మాత్రం ఆ వీధి గీత సోమవారం పూర్తయినట్టుందంది.

“అలా ఉండదు మేడమ్. ఒకసారి నేను చూడొచ్చా?”

ఆవిడ షీటు అతని వైపు తిప్పింది.

అతను తేదీ చూశాడు. వీధి పేరు చూశాడు. కింద, వెనక్కి వాలినట్టుండే ఎడంచేతి సంతకం చూశాడు. స్కూల్లో చదివినన్నేళ్లూ ప్రోగ్రెసు కార్డుల మీద చూసిన సంతకం అది. లెక్కల్లో మార్కులు తగ్గిన ఏడాది అదే సంతకాన్ని దొంగతనంగా పెట్టాలని నోటుపుస్తకం నిండా సాధన చేసి, చేతకాక ఏడ్చానని పెళ్లయిన కొత్తలో అతనే చెప్పాడు.

ఆమె అతని కాలి వైపు చూసింది. కాలు కదల్లేదు.

“సంతకం ఎవరిదో కనుక్కుని ఆయన్ని పిలిపించమంటారా? మీరు కోరితే వాయిదా వేసి పిలుస్తాను,” అందావిడ.

“అక్కర్లేదు మేడమ్.”

“మరి మీరు రాసింది?”

“పొరపాటు పడ్డాను. నేను కారు ఆపేటప్పటికే గీత ఉంది. చూసుకోలేదు.”

ఆవిడ పెన్సిలు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. కానీ మనిషి తన నోటితో తనే ఒప్పుకుంటే కాదనే అధికారం ఆవిడకి లేదు. తెల్లకాగితం ఇచ్చింది. అతను రాశాడు. ఎన్నో నెలలు నేర్పి శిష్యుల్ని పరీక్షకి పంపేటప్పుడు ఫారాలు నింపే ఆ గుండ్రటి అక్షరాలతోనే రాశాడు.

“మీరూ కారులో ఉన్నారు కదమ్మా. గీత ఉందా?”

బ్యాగులో తాళాల తాత కాగితం ఉంది. చెయ్యి పెడితే అందుతుంది. ఆమె అతని వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు.

“ఉందండీ,” అంది.

కింద ఆమె చేత కూడా సంతకం పెట్టించుకున్నారు. పెళ్లి రిజిస్టరు తరవాత ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం అదే. నేర్పే లైసెన్సు కార్డు అతను జేబులోంచి తీసి, బల్ల మీద పెట్టి, తిన్నగా ఉందో లేదో చూసి సర్ది మరీ ఇచ్చాడు.

*

బయట మెట్ల మీద అతను ఆగిపోయాడు.

“నీకు తెలుసు,” అన్నాడు. అడగలేదు, అన్నాడు.

“పొద్దుటినుంచి.”

“తెలిసి నన్ను ఆ గదిలోకి పంపావు.”

“చెబుదామనే ఉన్నానండీ. కారులో మీరు ఈల వేస్తుంటే…”

ఆ మాట పూర్తి చేయలేకపోయింది. ఎంత పిచ్చి కారణమో తనకే వినబడింది. అతను రెండు మెట్లు దిగి నిలబడ్డాడు. ఒక్క మాట అన్నా బాగుండేది. వాళ్ల పెళ్లయ్యాక వాళ్లిద్దరి మధ్య మొదటిసారి ఒక మనిషి పట్టేంత చోటు వచ్చింది, అక్కడ ఎవరూ లేరు.

తరవాత అతనే మాట్లాడాడు. “ఇంటికెళ్లాక నాన్నతో చెప్పు. రిజిస్టరు దొరకలేదన్నారని చెప్పు. నేను షీటు చూడలేదు, సంతకం చూడలేదు. వేరే కారణాలేవో చెప్పి కొట్టేశారను. ఆయనకి నేను చూశానని తెలియకూడదు. ఏడు వారాలు. తలెత్తుకుని బయటికి రానీ.”

ఆమె తలూపింది. అప్పుడే బ్యాగులో ఫోను మోగింది. అత్తయ్య.

“అమ్మాయ్, విన్నావా? మీరటు వెళ్లగానే మీ మామయ్య ఇస్త్రీ యూనిఫాం వేసుకుని వీధి చివర డిపోకి వెళ్లారు. పెద్దాఫీసరు ముందు కూర్చుని అంతా రాసిచ్చి వచ్చారట. గీత గీసింది బుధవారమనీ, మా అబ్బాయి కారు అప్పటికే అక్కడుందనీ, షీటు మీద సంతకం తప్పుడు సంతకమనీ. మిగతావాళ్ల పేర్లేవీ ఎత్తకుండా తప్పంతా తనొక్కడి మీదే వేసుకున్నారట. అక్కడికక్కడే పనిలోంచి పక్కన పెట్టారమ్మా.” అత్తయ్య ఏడుస్తోంది, ఏడుపులోనే ముక్కు చీది నవ్వుతోంది కూడా. “నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. ఆయన మాత్రం మంచినీళ్లు కూడా తాగకుండా గుమ్మంలో కూర్చున్నారు. పోతే పోయింది, వాడికి మేలయింది కదా అంటున్నారు. ఒక్కటే అడగమంటున్నారు. అబ్బాయి గెలిచాడా?”

ఆమె ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడింది. ఇంకో చేతిలో వాళ్లిచ్చిన నకలు ఉంది. కారు ఆపేటప్పటికే గీత ఉందని, రెండు సంతకాలతో.

“ఏమ్మా, పలకవేం? గెలిచాడా లేదా?”

“అమ్మేనా?” అన్నాడతను, కారు తలుపు తీస్తూ. “నేను చెప్పమన్నట్టే చెప్పు.”